మూడు ఊళ్ళలో ఆడిన ఒకే ఆట

పోయిన ఆదివారం మధ్యాహ్నం, సెలవులకు ఇంటికొచ్చిన మా అబ్బాయి భోంచేసి హాల్లో చాప మీద పడుకుని ఫోన్లో ఏదో చూసుకుంటుంటే, వంటింట్లో గిన్నెలు సర్దుకుంటున్న నాకు ఒక చప్పుడు వినిపించింది. పిడికిలి దవడకు తగిలే చప్పుడు. మనుషులది కాదు, మిషన్‌లోంచి వచ్చేది, ఖాళీ రేకు డబ్బాను తడిగుడ్డతో కొట్టినట్టు ఉండేది. ముప్పై ఏళ్ళయినా నా చెవులు దాన్ని మరిచిపోలేదని అప్పుడే తెలిసింది. చేతిలో గిన్నెతోనే హాల్లోకి వచ్చి చూశాను. ఎవరో ఒకాయన ఒకే పాత ఆటను మూడు నాలుగు రకాల మిషన్ల మీద ఆడి, ఆ బొమ్మలన్నీ పక్కపక్కన పెట్టి, దేని మీద ఆట ఎక్కువ కష్టం, దేని మీద సులువు అని తీరికగా వివరించి చెబుతున్నాడు. మా అబ్బాయి నన్ను చూసి లేచి కూర్చుని, నువ్వూ మామా చిన్నప్పుడు ఇదే ఆడేవాళ్ళట కదమ్మా, ఏది కష్టం, అని అడిగాడు. పాలు పొంగుతున్నాయని చెప్పి లోపలికి వెళ్ళిపోయాను. పొయ్యి మీద పాలు లేవు.

నా వయసు వాళ్ళకు ఆ ఆట గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. దాని పైన ఇంగ్లీషులో పెద్ద పేరే ఉండేది కానీ, హిందూపురంలో ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. అందరికీ అది ఫైటింగ్ ఆట, అంతే. ఒక పట్నాన్ని రౌడీలు ఆక్రమించుకుంటే ఇద్దరు మనుషులు ఎడమ నుంచి కుడికి వీధుల వెంట నడుచుకుంటూ పోయి, ఎదురొచ్చినవాణ్ణల్లా గుద్ది, తన్ని, ఎత్తి పడేసి, ఆరో వీధి చివర మేడ మీద కూర్చున్న పెద్ద రౌడీ దాకా చేరుకోవాలి. ఇప్పటి పిల్లలు చూస్తే నవ్వుతారేమో కానీ, ఆ వీధులు ఆ రోజుల్లో మాకు మా ఊరి వీధుల కంటే బాగా తెలుసు.

మేము దూదేకులవాళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, ప్రార్థన అరబ్బీలో, అంగడికొచ్చే గిరాకీలతో బేరం సగం కన్నడంలో. మా నాయన పరుపులు, దిండ్లు కుట్టేవాడు. ఆయన తమ్ముడికి, అంటే మా చిన్నాయనకు, దూది దుమ్ము పడేది కాదు. ఆ దగ్గుతో ఎన్నాళ్ళని కూర్చోవాలని, బెంగుళూరు నుంచి వాడేసిన వీడియో గేమ్ మిషన్లు మూడు లారీలో తెప్పించి బస్టాండు దగ్గర సందులో ఒక గది బాడుగకు తీసుకున్నాడు. ఆడపిల్లలు ఆ గది గడప తొక్కే కాలం కాదు అది. అయినా సొంత చిన్నాయన అంగడి కాబట్టి, ఆదివారం పొద్దున గిరాకీలు రాకముందు నాకూ, నాకంటే మూడేళ్ళు చిన్నవాడైన మా తమ్ముడికీ ఒక గంట ఇచ్చేవాడు. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను, వాడు తొమ్మిదో తరగతి. ఒకే పొడుగాటి బల్ల మీద భుజాలు ఆనించుకుని కూర్చునేవాళ్ళం. వాడు ముందు నడిచేవాడు, నేను వెనక కాపలా. వెనక నుంచి వచ్చేవాళ్ళను ఆపడమే నా పని, అదీ సరిగ్గా చేసేదాన్ని కాదు.

ఆ మిషన్ మీద ఆట ఎంత కష్టమో చెప్పాలంటే ముందు ఒక సంగతి చెప్పాలి. మిషన్ వెనక తలుపు తీస్తే లోపల ఒక పచ్చ రంగు పలక మీద బియ్యపు గింజలంత తెల్లటి మీటలు వరుసగా ఉండేవి. వాటిని పైకీ కిందికీ జరిపితే ఆట సులువూ కష్టమూ మారేది. పిల్లలు మొదటి వీధి దాటకుండా చచ్చి మళ్ళీ రూపాయి బిళ్ళ వేయాలని, చిన్నాయన అన్నింటినీ కష్టం వైపే నెట్టి పెట్టాడు. ఒక్కసారిగా ఆరేడు మంది మీదికి వచ్చేవాళ్ళు. ముందు ముగ్గురు, వెనక నలుగురు. గొలుసు తిప్పేవాడొకడు, కత్తి విసిరే పిల్ల ఒకతి, తలతో పొడిచే లావుపాటి గుండోడొకడు. మధ్యలో ఇరుక్కుంటే రెండు బటన్లూ ఒక్కసారి నొక్కి గిరగిరా తిరిగి అందరినీ పడగొట్టవచ్చు కానీ, అలా తిరిగినప్పుడల్లా మన ప్రాణమూ కొంచెం తగ్గేది. బస్టాండు చుట్టుపక్కల పిల్లలకు ఈ మీటల సంగతి తెలియదు. తమకు రాదనే అనుకునేవాళ్ళు.

మా తమ్ముడు మాత్రం దాన్ని ఒక్క బిళ్ళతో ముగించాడు. ఎండాకాలం సెలవుల్లో ఒక ఆదివారం. నేను నాలుగో వీధిలోనే చచ్చిపోయి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వాడు ఒక్కడే మిగతా వీధులన్నీ నడిచాడు. ఎదుటివాడికి ఎదురుగా నిలబడకుండా ఒక అడుగు కిందికి జరిగి నిలబడేవాడు, రౌడీ వచ్చి గాల్లో గుద్దగానే పట్టుకుని విసిరేసేవాడు. సగం ఎత్తిన షట్టర్ కింద నుంచి చిన్నాయన తొంగి చూస్తూ ఉండిపోయాడు. పెద్ద రౌడీ మేడ మీద నుంచి పడిపోయి తెర మీద పేర్లు పైకి పోతుంటే, చిన్నాయన వచ్చి వాడి నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి, ఇంతకంటే కష్టం పెట్టడానికి లోపల మీటలు లేవురా అన్నాడు. తమ్ముడు నవ్వుతూ కుడిచేతి వేళ్ళను చొక్కా అంచులో చుట్టి నలుపుకుంటున్నాడు. గెలిచిన సంతోషంలో చేతులు వణుకుతున్నాయనుకున్నాను.

రెండేళ్ళకే ఆ అంగడి మూతబడింది. టీవీకి తగిలించుకునే చిన్న ఆటపెట్టెలు ఇళ్ళల్లోకి వచ్చేశాయి. పసుపుపచ్చ కెసెట్లు, ఒక్కో కెసెట్ మీద వందల ఆటలున్నాయని రాసి ఉండేది, చూస్తే నాలుగు ఆటలే తిప్పి తిప్పి ఉండేవి. పెనుకొండలో మా మేనత్త ఇంట్లో అలాంటి పెట్టె ఒకటి ఉండేది. మామ రైల్వేలో పట్టాల పని చేసేవాడు, వాళ్ళకు పిల్లలు లేరు, అయినా ఎవరో అమ్ముతుంటే మా ఇద్దరి కోసమని కొని పెట్టారు. ఏటా దర్గాలో ఉరుసుకు మేమంతా పెనుకొండ వెళ్ళి అత్త ఇంట్లో నాలుగు రోజులు ఉండేవాళ్ళం. అత్త చేసే బెల్లం అన్నం వాసన, ఆ వాసనతో పాటు వేడెక్కిన ఆటపెట్టె వాసన, రెండూ కలిసి ఇప్పటికీ నాకు పెనుకొండ అంటే అదే.

ఆ కెసెట్లో మా ఫైటింగ్ ఆట ఉంది. పేరు అదే, బొమ్మలే చిక్కిపోయాయి. మిషన్లో జానెడెత్తున కనిపించిన మనుషులు ఇందులో బొటనవేలంత. ఇద్దరు కలిసి ఆడే వీలు లేదు, ఒకరు చచ్చిన తర్వాతే ఇంకొకరు. రౌడీలు ఒకసారికి ఇద్దరే వచ్చేవాళ్ళు, అంతకంటే ఎక్కువ మందిని ఆ పెట్టె మోయలేదు కాబోలు. ఆ లెక్కన సులువు కావాలి కదా, కానీ చేసినవాళ్ళు ఆ లోటు పూడ్చడానికి మిషన్లో లేని గుంతలు పెట్టారు. ఒక చోట పలకలు ముందుకీ వెనక్కీ జరుగుతుంటాయి, వాటి మీద సరైన క్షణంలో దూకాలి, తప్పితే ప్రాణం పోయినట్టే. ఉన్నవి మూడు ప్రాణాలు. మిషన్లో మనుషులు కష్టం, కెసెట్లో నేల కష్టం, అనేవాడు తమ్ముడు. నాకు ఆ మాట ఎంత నచ్చిందంటే కాలేజీలో స్నేహితులకు కూడా చెప్పాను.

వాడు ఆ పలకల దగ్గర పడిపోయేవాడు. ఎన్నిసార్లు ఆడినా అక్కడే. దూకే బటన్ ఆలస్యంగా పడుతోందని అనేవాడు. "ఈ కెసెట్ సరిగా లేదక్కా. నేను నొక్కినప్పుడు ఎగరడంలే, తర్వాత ఎగురుతాండాడు." చవక పెట్టె కదా, అయి ఉంటుందనుకున్నాను. నేను ఆడినప్పుడు నాకు అలా అనిపించలేదు, కానీ నేను మామూలుగానే పడిపోయేదాన్ని కాబట్టి నా పడటానికీ వాడి పడటానికీ తేడా ఏమిటో ఆలోచించలేదు.

ఆ ఏడాదే ఇంకో సంగతి జరిగింది. ఉరుసు అయిపోయిన మరునాడు అందరం కొండ మీది కోట చూడటానికి ఎక్కాం. సగం దూరం పోయాక నాయన వెనక్కి తిరిగి చూసి, నీ కుడికాలి చెప్పు ఏదిరా అని తమ్ముణ్ణి అడిగాడు. వాడు కాలు వంక చూసుకున్నాడు. చెప్పు లేదు. ఎప్పుడు జారిపోయిందో వాడికే తెలియదు. నాయన అందరి ముందూ, ఒంటి మీద ధ్యాస లేని వెధవ అని చెంప మీద ఒకటి కొట్టాడు. నేనే కిందికి దిగి వెతికి తెచ్చాను. రెండు వందల అడుగుల కింద, దారి మధ్యలో బోర్లా పడి ఉంది.

దెబ్బలు అప్పటికే మా ఇంట్లో కొత్త కాదు. పదో తరగతి తప్పి వాడు నాయన దగ్గర పనికి కూర్చున్నాడు. పరుపు కుట్టాలంటే దబ్బనాన్ని ఇటు నుంచి అటు బలంగా గుచ్చి లాగాలి. వాడు గుచ్చితే సగంలో ఆగిపోయేది. దూది మూటను ఎత్తబోయి జార్చేవాడు. నాయన పరుపులు సాపు చేసే కర్ర తీసుకుని వీపు మీద వేసేవాడు. పగలంతా ఆటల మీద ధ్యాస, పని మీద లేదు, ఆ పాడు మిషన్లు తెచ్చి వీణ్ణి చెడగొట్టినావని చిన్నాయనతో కూడా రెండు నెలలు మాట మానేశాడు. మా అమ్మ అడ్డం వెళ్ళేది. నేను వెళ్ళేదాన్ని కాదు. వాడు సోమరి అవుతున్నాడని నాకూ అనిపించేది, ఈ మాట రాయడానికి ఇప్పుడు కూడా చేయి ఆడటం లేదు.

డిగ్రీ అయిన తర్వాత నాకు ధర్మవరంలో ఒక ప్రైవేటు బడిలో పని దొరికింది. మా అమ్మ తమ్ముడు, అంటే మా మేనమామ, అక్కడ పట్టునూలు వ్యాపారం చేసేవాడు. ఆయన ఇంట్లోనే ఉండేదాన్ని. చుట్టూ మగ్గాల చప్పుడు, మొదటి వారం నిద్ర పట్టలేదు, రెండో వారం నుంచి ఆ చప్పుడు ఆగితే మెలకువ వచ్చేది. మామ అంతకు ముందు కువైట్‌లో కొన్నేళ్ళు ఉండి వచ్చాడు, వస్తూ వస్తూ పిల్లల కోసం ఒక నల్లటి ఆటపెట్టె తెచ్చాడు. పెనుకొండ పెట్టెకు ఇది పెద్దన్న. బొమ్మలు దాదాపు మిషన్లో ఉన్నంత బాగుండేవి. మా ఫైటింగ్ ఆట అందులోనూ ఉంది.

దసరా సెలవుల్లో నన్ను చూడటానికి తమ్ముడు ధర్మవరం వచ్చాడు. రైలు దిగి నడిచి వస్తుంటే, వాడి నడక చూసి మామ, కాలు బెణికిందా అని అడిగాడు, వాడు అవునన్నాడు. ఆ సాయంత్రమే ఆటపెట్టె ముందు కూర్చోబెట్టాను. మామ పిల్లలకు వాడి గురించి ముందే గొప్పగా చెప్పి ఉంచాను, ఒక్క బిళ్ళతో ముగించినవాడు వస్తున్నాడు చూడండని. పిల్లలు ముగ్గురూ చుట్టూ చేరారు. వాడు రెండో వీధిలో చచ్చాడు. మళ్ళీ ఆడాడు, మళ్ళీ రెండో వీధిలోనే. మూడోసారి మొదటి వీధి కూడా దాటలేదు. పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు.

"దీంట్లో బటన్లు శానా గట్టిగుండాయి," అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. "బటన్లకేం రోగం? ఆడ మిషన్లో అంత కష్టంలో గెల్చినోడివి, ఈడ పిల్లోళ్ళ ఆటలో చస్తాండావు. చేత కాకపోతే పక్కన పెట్టు, వీళ్ళన్నా ఆడుకుంటారు."

వాడు చేతిలోని బటన్ల పలకను జాగ్రత్తగా నేల మీద పెట్టి, గోడ పట్టుకుని లేచి, మిద్దె మీదికి వెళ్ళిపోయాడు.

మరునాడు మధ్యాహ్నం మామ, అత్త, పిల్లలు అత్త పుట్టింటికి వెళ్ళారు. తమ్ముడు పై గదిలో పడుకుని ఉన్నాడు. నేను ఊరికే, పొద్దుపోక, ఆ ఆట పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. రౌడీలు ముగ్గురేసి వస్తున్నారు, అదీ మర్యాదగా, ఒకడు దెబ్బలు తినేదాకా మిగతా ఇద్దరూ నిలబడి చూస్తున్నారు. కత్తి పిల్ల విసిరే కత్తి మెల్లగా వస్తోంది. దారిలో పగలగొట్టే ప్రతి డబ్బాలోనూ ప్రాణం పెంచే తిండి ఉంది. రెండో వీధి దాటాను, మూడో వీధి, నాలుగో వీధి. మిషన్ మీద నాలుగో వీధి నేను జన్మలో దాటలేదు. ఐదో వీధిలోకి నడుస్తుండగా నా వేళ్ళు ఆగిపోయాయి. ఆట దానంతట అదే నడుస్తోంది, నా బొమ్మను వాళ్ళు కొడుతున్నారు, నేను బటన్ వంక చూస్తున్నాను. నొక్కాను. సంగటి ముద్దలో వేలు దిగినట్టు దిగింది. మళ్ళీ నొక్కాను. ఇంత మెత్తటి బటన్ మూడు ఊళ్ళలోనూ నేను చూడలేదు.

కొంచెంసేపటికి తమ్ముడు దిగి వచ్చాడు. మెట్లు ఒక్కొక్కటీ రెండు కాళ్ళూ ఆనించి దిగాడు. రా, ఇద్దరం ఆడదాం అని పెట్టెకు వైరుతో తగిలించిన రెండో బటన్ల పలక వాడి చేతికిచ్చాను. వాడు ఆడుతుంటే నేను వాడి చేతుల వంక చూశాను. బొటనవేలు కదలడం లేదు. మడిచిన చూపుడువేలి కణుపుతో, మోచేయి మొత్తం పైకెత్తి, పైనుంచి కిందికి బరువు వేసి నొక్కుతున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ ఉండాల్సిన చోట గుంట పడి ఉంది. వాడికి పద్దెనిమిదేళ్ళు. ఆ చేయి ముసలివాళ్ళ చేయిలా ఉంది.

ఏంరా ఇది అని అడిగాను. వాడు ఆట ఆపలేదు. "ఏమీ లేదక్కా, నువ్వు ఆడు," అన్నాడు.

హిందూపురానికి ఫోన్ చేసి నాయనతో చెప్పాలంటే నాకు నోరు రాలేదు. నేనే బడికి సెలవు పెట్టి వాణ్ణి బెంగుళూరుకు ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాను. రెండు రోజులు తిప్పారు. కింద కూర్చుని లేవమన్నారు, వాడు తొడల మీద చేతులు వేసుకుని తన ఒళ్ళు తానే ఎక్కినట్టు లేచాడు. చేతుల్లో, కాళ్ళల్లో సూదులు గుచ్చి పరీక్ష చేశారు. చివరికి డాక్టరు కన్నడంలో నిదానంగా చెప్పాడు, ఇది కండలు కరిగిపోయే జబ్బు, పుట్టుకతోనే రక్తంలో ఉంటుంది, మందు లేదు, మెల్లగా పెరుగుతుంది, ముందు కాళ్ళూ చేతులూ, చివరికి ఊపిరి. మేమిద్దరం హిందూపురం వాళ్ళం కాబట్టి ఒక్క మాటా పోకుండా ఇద్దరికీ అర్థమైంది. ఎప్పటి నుంచి ఇలా ఉంది అని డాక్టరు అడిగితే, రెండేళ్ళ నుంచి అని నేను చెప్పాను. నాలుగేళ్ళు అయింది సార్, అన్నాడు తమ్ముడు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాం. రైలు గౌరిబిదనూరు దాటింది. అప్పుడు వాడే చెప్పాడు. మిషన్ ముగించిన రోజే వేళ్ళు పట్టు తప్పినాయట, చివరి వీధి అరచేత్తో కొట్టి ఆడినాడట. పెనుకొండలో బటన్ ఆలస్యంగా పడుతోందన్నది అబద్ధం. బటన్ సరిగ్గానే పడేది, వేలే ఆలస్యంగా పడేది.

"మరి ఏంటికి చెప్పలేదు?" అన్నాను.

"నా చెయ్యి పని చేయడంలేదంటే నాయన కొడతాడు. కెసెట్ కష్టంగుండాదంటే ఎవురూ ఏమనరు కదక్కా."

మిషన్‌కూ కెసెట్‌కూ తేడాలని వాడు అంత ఇదిగా చెప్పినవన్నీ, నేను స్నేహితుల ముందు గొప్పగా వల్లించినవన్నీ, ఆ పిల్లవాడు తన చేతిని దాచుకోవడానికి కట్టుకున్న గోడ. ఆ గోడకు రాళ్ళు అందించింది నేనే.

నాయనకు చెప్పాం. ఆయన ఏడవలేదు. పరుపులు సాపు చేసే ఆ కర్రను పొయ్యిలో పెట్టేశాడని అమ్మ తర్వాత చెప్పింది. మరునాటి నుంచి పొద్దున నమాజు అయిపోగానే నువ్వులనూనె వెచ్చచేసి, తమ్ముడి చేతులకూ కాళ్ళకూ గంటసేపు పట్టించేవాడు. దానివల్ల ప్రయోజనం లేదని డాక్టరు చెప్పిన సంగతి ఆయనకు తెలుసు. తమ్ముడికీ తెలుసు. అయినా ఎనిమిదేళ్ళ పాటు ఆ నూనె ఒక్కరోజు కూడా ఆగలేదు. కొట్టినందుకు ఆయన ఒక్క మాట కూడా అనలేదు, వీడూ అడగలేదు. ఇద్దరి మధ్యా ఆ నూనె గిన్నె ఒకటే మాట్లాడేదేమో.

తర్వాతి కాలం తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది నిజంగానే తొందరగా గడిచింది. నాకు ప్రభుత్వ బడిలో ఉద్యోగం వచ్చింది, లేపాక్షి దగ్గర ఒక పల్లెలో. పెళ్ళయింది, బాబు పుట్టాడు. తమ్ముడు ఒక చేతికర్ర, తర్వాత రెండు, తర్వాత చక్రాల కుర్చీ, తర్వాత మంచం. ఆదివారాలు బస్సెక్కి హిందూపురం వెళ్ళేదాన్ని. రెండువేల నాలుగో ఐదో, సీడీలు వేసే ఆటపెట్టె పాతది ఒకటి బజారులో దొరికితే కొనిపట్టుకెళ్ళాను. ఒక సీడీలో పాత మిషన్ ఆటలన్నీ ఉన్నాయి, చిన్నవిగా చేసినవి కాదు, అచ్చంగా చిన్నాయన అంగడిలో ఉన్నవే. ఆ చప్పుడు వినగానే తమ్ముడు మంచం మీద నుంచే నవ్వాడు.

వాడు ఆడలేడు. నేను ఆడేదాన్ని, వాడు చెప్పేవాడు. కిందికి జరుగు. వెనక చూడు. వాణ్ణి రానీ, గాల్లో కొట్టనీ, ఇప్పుడు పట్టుకో. మాట్లాడటానికి కూడా అప్పటికి వాడికి ఆయాసంగా ఉండేది, ఒక్కో మాట మధ్య ఊపిరి తీసుకునేవాడు, ఆ ఊపిరి తీసుకునే లోపల నేను చచ్చిపోయేదాన్ని. కానీ ఈ పెట్టెలో ఒక సౌకర్యం ఉంది. చచ్చిపోయినప్పుడు తెర మీద తొమ్మిది నుంచి సున్నా దాకా అంకెలు తగ్గుతుంటాయి, ఆ లోపల ఒక బటన్ నొక్కితే చాలు, బిళ్ళ అక్కర్లేకుండా చచ్చిన చోటే మళ్ళీ లేచి నిలబడతాం. ఎన్నిసార్లయినా సరే. ఇంతకంటే సులువైన రకం ఇంకోటి లేదు. అలా నొక్కుకుంటూ నొక్కుకుంటూ ఒక ఆదివారం నేను ఆరో వీధికి చేరాను.

అక్కడ మళ్ళీ చచ్చాను. తెర మీద తొమ్మిది వచ్చింది. నా వేలు బటన్ మీదికి వెళ్ళింది.

"వద్దక్కా," అన్నాడు.

ఇంక కొంచెమే ఉందిరా, ఆ మేడ ఎక్కితే అయిపోతుంది అన్నాను.

"ఇట్ల గెలిస్తే అది గెలిచినట్లా? చాలు. పోనీ."

ఏడు. ఆరు. వాడి మొహం వంక చూశాను. మొండితనం కాదది, ఏడుపు కాదు. మిషన్ ముందు కూర్చున్నప్పటి మొహం. నేను వేలు తీసేశాను. ఇద్దరం చూస్తూ ఉన్నాం, ఒకటి పోయి సున్నా వచ్చింది, తెర నల్లబడింది. అమ్మ టీ తెచ్చింది. వాడికి చెంచాతో తాగించాను.

ఆ తర్వాతి వానాకాలంలో జలుబు చేసింది. మామూలు జలుబే. దగ్గి కఫం బయటికి తెచ్చుకునే బలం రొమ్ముకు లేకపోయింది. ఆసుపత్రిలో గొట్టం పెట్టాలా అని అడిగినప్పుడు, అప్పటికి ఇంకా స్పృహలో ఉన్న వాడే తల అడ్డంగా ఊపాడు. నాయన వాడి కుడిచేయి పట్టుకుని కూర్చున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం పోయాడు. ఇరవై ఆరేళ్ళు.

ఇప్పుడు అంతా మారింది. చిన్నాయన అంగడి ఉన్న సందులో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఆ జబ్బుకు రక్తపరీక్ష వచ్చింది, వికలాంగుల సర్టిఫికెట్టు ఉంది, పింఛను ఉంది. మందు మాత్రం ఇంకా లేదంటారు. నాయన, చిన్నాయన ఇద్దరూ లేరు. పెనుకొండ అత్తకు కళ్ళు కనిపించవు, ఉరుసుకు వెళ్ళినప్పుడు నా మొహం తడిమి చూసి, వాడు రాలేదా అని అడిగి, వెంటనే నాలుక కరుచుకుంటుంది.

మా బడిలో పిల్లలు మధ్యాహ్నం బడి వదిలాక ఎవరిదో ఫోన్ చుట్టూ గుమిగూడతారు. ఓడిపోయినవాడు ఎప్పుడూ ఏదో ఒకటి చెబుతాడు, నెట్ సరిగా లేదనో, ఫోన్ వేడెక్కిందనో, స్క్రీన్ పట్టడం లేదనో. మిగతావాళ్ళు పడీ పడీ నవ్వుతారు. నేను మాత్రం ఆ పిల్లవాణ్ణి దగ్గరికి పిలిచి, ఏదీ నా చేయి గట్టిగా పట్టుకో చూద్దాం అంటాను. టీచరమ్మకు ఇదొక పిచ్చి అనుకుంటారు, నవ్వుతూనే పట్టుకుంటారు. ఇన్నేళ్ళలో ఎందరి చేతులో. అన్నీ గట్టివే, ఎముకలు నొప్పి పుట్టేంత గట్టిగా పిసుకుతారు వెధవలు. నొప్పి పుట్టగానే నా గుండె కుదుటపడుతుంది. ఆ నొప్పి తగ్గిపోయిన తర్వాత, ఖాళీ వరండాలో చేయి రుద్దుకుంటూ నిలబడిపోతాను. ఇంత చిన్న పని, ఒక్క నిమిషం పని, నా పక్కనే భుజం ఆనించుకుని కూర్చున్న వాడి విషయంలో నాలుగేళ్ళ పాటు నాకు తోచలేదు.